గోడ మీది పాత పటంలో నది 450 కిలోమీటర్లు పైకి జరిగిపోయింది, తప్పెవరిది?

పటాలపిచ్చి
నేనుండేది కాల్గరీలో. పాత పటాలంటే పిచ్చి, పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. పోయిన నెల ఒక పాత సామాన్ల దుకాణంలో శామ్యూల్ హెర్న్ అనే పాతకాలపు ఇంగ్లీషు యాత్రికుడి పటానికి కొత్తగా అచ్చేసిన నకలు దొరికింది. 1770, 71, 72లో ఆయన హడ్సన్ బే నుంచి ఉత్తర కెనడాలోని కాపర్‌మైన్ నది దాకా నడిచిన దారులు గీసిన పటం. ఫ్రేము కట్టించి హాల్లో సోఫా పైన పెట్టా. ఫ్రేముకే పటం కన్నా ఎక్కువైంది, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

మొన్న ఆదివారం మావాడు (ఎనిమిదో తరగతి) ఫోన్లో మ్యాప్ తెరిచి పక్కన పెట్టి చూస్తూ "నాన్నా, నది సముద్రంలో కలిసే చోటు ఇందులో 72 డిగ్రీల దగ్గరుంది, ఫోన్లో 68 కూడా లేదు" అన్నాడు. నేను నమ్మలేదు. స్కేలు పెట్టి కొలిచా. వాడు చెప్పిందే నిజం. దుకాణంవాణ్ణి అడిగితే "పాత పటాలు అలాగే ఉంటాయి సార్" అని నవ్వాడు. ఇది నకలు తీసినవాళ్ల పొరపాటా, లేక అసలు పటమే ఇంతా? ఇంత తప్పున్న పటాన్ని అప్పట్లో ఎవరూ పట్టుకోలేదా?

లెక్కలమాస్టారు
నకలు తప్పు కాదు. హెర్న్ రాసిందే 71 డిగ్రీల 54 నిమిషాలు. అసలు నదీముఖం ఉన్నది 67 డిగ్రీల 48 నిమిషాల దగ్గర. తేడా 4 డిగ్రీల 6 నిమిషాలు. అక్షాంశంలో డిగ్రీకి 111 కిలోమీటర్లు వేసుకోండి, 455 కిలోమీటర్లు వస్తుంది. హైదరాబాద్‌ని పట్టుకుని చెన్నై పొలిమేర దాకా ఈడ్చినట్టు.

రేఖాంశం కూడా తప్పే. ఆయన 120 డిగ్రీల 30 నిమిషాలు అన్నాడు, అసలు 115 పైచిలుకు. అది చూడ్డానికి ఐదు డిగ్రీలకు పైనే గానీ ఆ ఎత్తులో రేఖాంశాలు దగ్గరకొచ్చేస్తాయి. డిగ్రీ అంటే 42 కిలోమీటర్ల లోపే. కాబట్టి ఆ తప్పు 225 దాకా. సోఫా పైన పెట్టుకోడానికి ఏ ఢోకా లేదు, పడవ వేసుకుని మాత్రం వెళ్లకండి.

గోదారిగట్టు
మా పెదనాన్న పక్క పొలం గట్టు ఏడాదికో జానెడు జరుపుతాడండి. ఆయనే ఘనుడు అనుకున్నా. ఈయన నదినే జరిపేశాడు.

మంచుపిల్లి
ఎల్లోనైఫ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నా, ఈ కథ ఇక్కడ అందరికీ తెలుసు. హెర్న్‌ని దొంగ కింద కట్టేయకండి, ముందు సంగతి వినండి.

ఆయన హడ్సన్ బే కంపెనీ (అక్కడ తోళ్ల వ్యాపారం చేసే బ్రిటిష్ కంపెనీ) మనిషి. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ కోట నుంచి మూడుసార్లు బయల్దేరాడు. మొదటిది 1769 నవంబరులో, నెలలోనే వెనక్కి. రెండోది 1770లో. ఆ ఆగస్టులో ఒక మధ్యాహ్నం క్వాడ్రంట్ (సూర్యుడి ఎత్తు కొలిచే పరికరం) నిలబెట్టి, సూర్యుణ్ణి చూసుకుని, దాన్ని అలాగే వదిలి భోజనానికి కూర్చున్నాడు. గాలి విసురుకి అది పడి ముక్కలైంది. ఆ క్వాడ్రంట్ లేకపోతే ఇక వెళ్లి లాభం లేదని వందల మైళ్లు వెనక్కి నడిచాడు. మూడోసారి 1770 డిసెంబరులో వెళ్తూ తీసుకెళ్లింది ఎల్టన్ క్వాడ్రంట్. అది కోటలో ముప్పై ఏళ్లకు పైగా మూల పడి ఉన్న పాత సామాను. వేరేది లేదు.

విరిగినది హాడ్లీ రకం, దానికో బుడగ అమర్చి ఉండేది. సముద్రం మీదైతే నీళ్ల అంచే దిగంతం, దాన్నుంచి సూర్యుడి ఎత్తు కొలుస్తారు. నేల మీద కొండా గుట్టా అడ్డం, అందుకని ఆ బుడగే దిగంతం. మన మేస్త్రీల రసమట్టం లాంటిదే.

సర్వేబాబాయ్
ఆ భోజనం ముక్క చదివి నా గుండె ఝల్లుమంది. ముప్పై నాలుగేళ్లు సర్వేలో చేసి రిటైరయ్యాను. 1983లో విశాఖ ఏజెన్సీలో ఒక కొండ మీద థియోడలైట్ (కోణాలు కొలిచే పరికరం) స్టాండు మీద ఉంచి, ఖలాసీని చూస్తుండమని చెప్పి, పది అడుగుల అవతల క్యారేజీ విప్పాను. పులిహోర. రెండో ముద్ద నోట్లో ఉండగా గాలి లేచింది. ఖలాసీ గొడుగు పట్టుకోవాలా, పరికరం పట్టుకోవాలా అని ఆలోచించి గొడుగు పట్టుకున్నాడు.

పరికరం పగల్లేదు గానీ వలయం అలైన్‌మెంటు పోయింది. మూడు వారాల పని మళ్లీ మొదట్నుంచి. పైవాళ్లకు నేను రాసిన జవాబులో పులిహోర మాట లేదు. అప్పట్నుంచీ పరికరం పెట్టెలో పెట్టి తాళం వేశాకే తినడం. హెర్న్ మీద రాయి వేసే ముందు ఎవరైనా ఒకసారి కొండెక్కి చూడండి.

గోదారిగట్టు
బాబాయ్, ఖలాసీని ఏం చేశారు?

సర్వేబాబాయ్
ఏం చేస్తాం, మిగిలిన పులిహోర అతనికే పెట్టాను. నాకు మింగుడు పడలేదు.

నల్లరేగడి
అందరు ఆయనను మోస్తున్నరు గని నాకు సమజ్ కాలేదు. పరికరం పాతది, ఒప్పుకుంటం. మరి నది ముఖం దగ్గరికి పోయినంక సూర్యుణ్ణి చూసి కొలిచిండా? లేదు. పొగమంచు, తుంపర పడ్డది, ఈ నది ఎట్లా ఓడలకు పనికిరాదు, మబ్బు పోయేదాక ఆగుడెందుకని ఆయననే రాసుకున్నడు. ఏడు నెలలు నడిచి పోయినోడు ఒక్క రోజు ఆగలేడా? గది పరికరం తప్పు కాదు, మనిషి తప్పు.

మంచుపిల్లి
రేగడన్నా, ఆ ముందు రోజు ఏం జరిగిందో కూడా చెప్పాలి కదా. 1771 జూలై 17 తెల్లవారుజామున, నదీముఖానికి కాస్త ఎగువన జలపాతం దగ్గర నిద్రపోతున్న ఇన్యూట్ జనాన్ని హెర్న్‌తో వచ్చిన డెనె వాళ్లు చంపేశారు. ఇద్దరూ అక్కడి ఆదివాసులే. ఇరవై మంది దాకా. ఆపే శక్తి ఆయనకి లేదు, చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల పాత పగ అది, ఈయన యాత్ర సాకుగా దొరికింది. ఆ మర్నాడు అక్కడ కూర్చుని ఎండ కోసం ఎదురుచూసే పరిస్థితి ఉందంటారా? తోటివాళ్లు వెనక్కి మళ్లుతుంటే ఆయనొక్కడూ ఆగితే దారి ఎవరు చూపిస్తారు?

నల్లరేగడి
సరే, ఆ రోజు సంగతి వేరు. మరి 72 అని అంత ధైర్యంగ ఎట్ల అచ్చేసిండు? తెలియదు అని రాయచ్చు గదా.

లెక్కలమాస్టారు
రేగడిగారు పట్టిన పాయింటు గట్టిది. చివరిసారి సూర్యుణ్ణి చూసి కట్టిన అక్షాంశం నదికి చాలా ముందు, కాంగెకాథావచాగా అనే చోట. అక్కడ 68 డిగ్రీల 46 నిమిషాలు అన్నాడు. అదే ఎక్కువ. అక్కణ్ణుంచి నడక లెక్క: ఇవాళ ఇన్ని మైళ్లు, ఈ దిక్కుకి, అని కలుపుకుంటూ పోవడం. గులకరాళ్ల మీద, బురదలో, వంకలు తిరుగుతూ నడిచినవాడికి కాళ్లు చెప్పే మైళ్లు ఎప్పుడూ ఎక్కువే. తప్పు మీద తప్పు పేరుకుంది.

అయితే ఆయన రాతలోనే ఆయన్ని పట్టించే సాక్షి ఒకటుంది. పద్దెనిమిదో తేదీ రాత్రి ఒంటిగంటప్పుడు కూడా సూర్యుడు దిగంతానికి బాగా ఎత్తులోనే ఉంటాడు, రాత్రంతా ఎండే అని రాశాడు. లెక్క చూద్దాం. అర్ధరాత్రి సూర్యుడి ఎత్తు కావాలంటే అక్షాంశానికి ఆ రోజు సూర్యుడి క్రాంతి (భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాడో ఆ కొలత) కలిపి 90 తీసేయాలి. జూలై మధ్యలో క్రాంతి 21.2. ఆయన చెప్పిన 71.9 అయితే 3.1 డిగ్రీలు వస్తుంది, అంటే ఆరు సూర్యబింబాలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు. అసలు చోటు 67.8 అయితే మైనస్ ఒకటి. గాలి పొరలు కిరణాన్ని కాస్త వంచి పైకి చూపిస్తాయి కాబట్టి సూర్యుడి పై అంచు నేలను ఒరుసుకుంటూ కనపడీ కనపడకుండా ఉంటుంది. ఆరు సూర్యులెక్కడ, అంచెక్కడ. పరికరం అక్కర్లేదు, కళ్లుంటే చాలు.

కోరంగికుర్రాడు
మాస్టారూ, ఈ సూర్యుడి మెలిక అప్పుడే పట్టుకున్నాడొకాయన. అలెగ్జాండర్ డాల్రింపుల్. హెర్న్ అక్షాంశాలు నమ్మలేం అని కరపత్రం వేసి ఉతికేశాడు. క్వాడ్రంట్ ఏ రకమో కూడా చెప్పలేదేంటని నిలదీశాడు. దానికి జవాబుగానే హెర్న్ తన పుస్తకం ముందుమాటలో ఆ హాడ్లీ, ఎల్టన్ కథంతా చెప్పుకున్నాడు.

ఈ డాల్రింపుల్ మనకి పరాయివాడు కాదు. పదిహేను, పదహారేళ్లప్పుడు మద్రాసు వచ్చి ఈస్టిండియా కంపెనీలో రైటరుగా, అంటే గుమాస్తాగా చేరాడు. తర్వాత ఆ కంపెనీకే సముద్ర పటాల అధికారి, 1795లో బ్రిటిష్ నౌకాదళానికి మొదటి హైడ్రోగ్రాఫర్. మా సామర్లకోటలో తోట పెట్టి మిరియాలు, నీలిమందు పండించి చూసిన రాక్స్‌బర్గ్ డాక్టరుగారి నివేదికల్ని లండన్‌లో అచ్చేయించింది కూడా ఈయనే. ఒక చేత్తో సామర్లకోట మిరియాలు, ఇంకో చేత్తో ఆర్కిటిక్ అక్షాంశాలు.

పటాలపిచ్చి
అబ్బ, నేను దుకాణంవాడి మీద ఫిర్యాదు రాద్దామని వచ్చా, కథ సామర్లకోట దాకా వచ్చింది. ఇంకో డౌటు. తప్పని అప్పుడే అనుమానం వస్తే మరి ఎవరూ దిద్దలేదా?

మంచుపిల్లి
దిద్దడానికి ఎవరో ఒకరు మళ్లీ అక్కడికి వెళ్లాలి కదా. యాభై ఏళ్లు పట్టింది. ఈలోపు పెద్దవాళ్లంతా హెర్న్ మాట మీదే నడిచారు. 1776లో కెప్టెన్ కుక్‌కి ఇచ్చిన ఆదేశాల్లో, అమెరికా పడమటి తీరంలో 65 డిగ్రీలు దాటాకే సముద్ర మార్గం కోసం వెతకమన్నారు. ఎందుకంటే హెర్న్ అంత దూరం నడిచినా అడ్డంగా సముద్రం ఎక్కడా తగల్లేదు. గమనించండి, అంకె తప్పైనా అసలు సంగతి తప్పు కాలేదు. హడ్సన్ బే నుంచి పడమటికి ఓడ దారి లేదన్నది నిజమే.

కెనడాకోడలు
హెర్న్ ఒక్కడే నడిచినట్టు మాట్లాడుతున్నారందరూ. మొదటి రెండుసార్లు ఎందుకు ఫెయిలయ్యాడో, మూడోసారి దారి చూపిన డెనె నాయకుడు మటొనాబి చెప్పాడుగా. ఆడవాళ్లని తీసుకెళ్లకపోవడం వల్లట! ఒక్కో ఆడమనిషి ఇద్దరు మగాళ్ల బరువు మోస్తుంది, గుడారం వేస్తుంది, బట్టలు కుడుతుంది, వండుతుంది, పైగా వేళ్లు నాక్కుని బతికేస్తుంది, ఖర్చే లేదు అన్నాడు. మూడో యాత్ర గట్టెక్కింది ఆ ఆడవాళ్ల వీపుల మీద. పటం మీద ఒక్కరి పేరైనా ఉందా, పిచ్చిగారూ, మీ సోఫా ఎక్కి చూసి చెప్పండి.

పటాలపిచ్చి
సోఫా ఎక్కి చూశాను. లేదు. సోఫా ఎక్కినందుకు తిట్లు కూడా తిన్నాను.

కెనడాకోడలు
మంచిదే, ఆవిడకి నా తరఫున నమస్కారం చెప్పండి.

మంచుపిల్లి
కోడలుగారు మటొనాబి పేరు తీశారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. హెర్న్ బయల్దేరక ముందే ఒక పటం ఉంది. 1760ల చివర్లో మటొనాబి, ఐడొట్లియాజీ అనే ఇద్దరు డెనె నాయకులు రాగి ఉన్న నది దాకా పోయి వచ్చి, కోట అధికారి మోజెస్ నార్టన్‌కి దారి గీసి చూపించారు. దాన్ని చూసి నార్టన్ గీయించుకున్న ప్రతి 1767 నాటిదని కంపెనీ దస్తావేజుల్లో భద్రంగా ఉంది. హెర్న్‌ని పంపించాలన్న ఆలోచన గట్టిపడిందే దాని వల్ల.

అందులో డిగ్రీలు లేవు, మైళ్లు లేవు. హడ్సన్ బే తీరం దాదాపు నిట్టనిలువు గీత. దానికి కలిసే నదులు వరసగా, దువ్వెన పళ్లలా. చూడగానే తప్పు పటం అనిపిస్తుంది. కానీ ఏ నది తర్వాత ఏ నది, ఏ చెరువు దాటితే ఏది, ఆ వరస తీసుకుని నడిస్తే చోటికి చేరతారు. చేరారు కూడా. డిగ్రీలున్న హెర్న్ పటం పట్టుకుని వెళితే మంచు సముద్రంలో తేలతారు.

సర్వేబాబాయ్
అమ్మాయ్, అక్కడే ఆగు. అది దారి చెప్పే కాగితం, పటం కాదు. పటం అంటే కొలత ఉండాలి. నేను వెళ్లని చోట రెండు ఊళ్ల మధ్య దూరం నేను కాగితం మీద తీయగలగాలి. నది వరసలు చెప్పడం గొప్పే, కాదనను. కానీ ఆ వరస తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఆ కాగితం మూగది.

నల్లరేగడి
బాబాయ్, గిక్కడ మాత్రం నేను ఆమె దిక్కు. మా తాత ఏటూరునాగారం అడవిల ఇప్పపువ్వు ఏరవోయేటోడు. దారి ఎట్ల చెప్పేటోడంటే, మూడో ఒర్రె దాటినంక ఎడమకు, రెండు తలల మద్ది దగ్గర కిందికి, నీళ్ల సప్పుడు కుడి చెవికి ఇనబడాలె. అంతే. నేను పదేండ్లోణ్ణి, ఒక్కణ్ణే పోయి వచ్చిన. మొన్న ఫోన్ల మ్యాప్ పెట్టుకొని పోతే ఒర్రె అవతల నిలబెట్టి "మీ గమ్యం చేరుకున్నారు" అన్నది. మోకాలి లోతు బురద.

సర్వేబాబాయ్
మీ తాతగారు లేకుండా ఆ మద్ది చెట్టు పడిపోతే?

నల్లరేగడి
పడ్డది బాబాయ్. గందుకే ఫోన్ పట్టుకపోయిన.

లెక్కలమాస్టారు
ఇద్దరూ గెలిచారు, కూర్చోండి. పిచ్చిగారు దిద్దిందెవరని అడిగారు. 1821 జూలైలో బ్రిటిష్ నౌకాదళ అధికారి జాన్ ఫ్రాంక్లిన్ బృందం నది వెంబడి దిగి, నదీముఖం దగ్గర గుడారం వేసి కొలిస్తే అక్షాంశం 67 డిగ్రీల 47 నిమిషాల 50 సెకన్లు వచ్చింది. ఇవాళ్టి ఉపగ్రహాలు చెప్పేదానికి కూతవేటు దూరం. యాభై ఏళ్లలో మనుషులు మారలేదు, గడియారాలు, కొలపరికరాలు మారాయి.

మంచుపిల్లి
ఆ అంకెకి కట్టిన ఖరీదు కూడా రాయండి మాస్టారూ. అక్కణ్ణుంచి తీరం వెంట తూర్పుకి వెళ్లి పటం గీసుకుని, తిరుగు దారిలో బంజరు నేల మీద చలికి చిక్కుకున్నారు. రాళ్ల మీది నాచు ఉడికించుకున్నారు, పాత తోలు బూట్లు కాల్చుకుని నమిలారు. ఇరవై మందిలో పదకొండు మంది పోయారు. పటాలు గీసే ఇద్దరు కుర్ర అధికారుల్లో ఒకడు రాబర్ట్ హుడ్, అతన్ని తుపాకీతో కాల్చి చంపారు. రెండోవాడు జార్జ్ బ్యాక్ బతికాడు. మిగిలినవాళ్లని నవంబరులో ఎండు మాంసం తెచ్చి కాపాడింది అకైచో అనే నాయకుడి మనుషులు. ఆ డెనె వాళ్లకి క్వాడ్రంటూ లేదు, అక్షాంశమూ లేదు. ఎవరెక్కడున్నారో మాత్రం తెలుసు. హుడ్ పేరు ఇప్పుడక్కడ ఒక నదికి ఉంది.

గోదారిగట్టు
పైన పులిహోర జోకులేసి ఇప్పుడు బూట్లు నమలడం చదివితే అదోలా ఉందండి.

చలిచీమ
లేటుగా వచ్చా. వీళ్లందరి దగ్గరా దిక్సూచి ఉంటుందిగా, ఉత్తరం తెలిస్తే ఇంత గొడవెందుకు?

లెక్కలమాస్టారు
అక్కడ దిక్సూచి ఉత్తరం చూపించదు. ఫ్రాంక్లిన్ మనుషులు నదీముఖం దగ్గర కొలిస్తే సూది అసలు ఉత్తరానికి 46 డిగ్రీలకు పైగా తూర్పుకి తిరిగి ఉంది. అంటే ఉత్తరం అనుకుని నడిస్తే ఈశాన్యానికి పోతారు. అంతకన్నా పెద్ద చిక్కు, సూది అక్కడ 88 డిగ్రీలు కిందికి వాలుతుంది. అయస్కాంత ధ్రువం దగ్గర కాబట్టి అది దాదాపు నేలలోకి చూస్తుంది. అడ్డంగా తిప్పే బలం చాలా తక్కువ, బద్ధకంగా ఊగుతుంది. ఆ ధ్రువాన్ని పదేళ్ల తర్వాత 1831లో బూతియా ద్వీపకల్పం మీద జేమ్స్ క్లార్క్ రాస్ పట్టుకున్నాడు. ఇప్పుడది రష్యా వైపు పరిగెడుతోంది. నదీముఖం దగ్గర ఆ 46లో సగం కూడా మిగల్లేదు.

మంచుపిల్లి
నేను దీనికి బలైన మనిషిని. కొన్నేళ్ల కిందట వేసవిలో ఆఫీసు వాళ్లం ఆరుగురం మూడు పడవల్లో కాపర్‌మైన్ దిగాం. పటాలు తెచ్చే పని నాది. జియాలజిస్టు స్నేహితుడి దగ్గర పాత షీట్లుంటే తీసుకున్నా. బరువు తగ్గుతుందని, అతికించడానికి వీలుగా ఉంటుందని మార్జిన్లన్నీ కత్తెరతో కత్తిరించేశా. బాబాయ్, దయచేసి తిట్టకండి.

సర్వేబాబాయ్
మార్జినా? మార్జిన్ కత్తిరించావా? స్కేలు, కాంటూరు అంతరం, ఉత్తరం బాణం, సర్వే ఏడాది, అన్నీ మార్జిన్‌లోనే కదమ్మా ఉండేది!

మంచుపిల్లి
అదే కదా. నాలుగో రోజు సాయంత్రం బల్లలాంటి రాయి మీద పటం పరిచాం. జిప్ కవర్ లోపల తేమ, బయట నల్ల ఈగలు. ముందు నీళ్ల వాటం ఎంత నిటారుగా ఉందో తెలియాలంటే కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) నదిని ఎక్కడెక్కడ దాటుతున్నాయో చూడాలి. గీతలు దగ్గరగా ఉంటే ఉరవడి, దూరంగా ఉంటే హాయి. వేలితో నది వెంట వస్తుంటే రెండు షీట్లు అతికించిన చోట ఒక గీత మీద 900 చిల్లర, టేపు దాటగానే 280. మా వాళ్లలో ఒకడు తెల్లబోయి "ఆరు వందల జలపాతమా?" అన్నాడు. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెలిగింది. ఒక షీటు అడుగుల్లో ఉంది, ఇంకోటి మీటర్లలో. రెండూ ఒకే ఎత్తు!

దిక్సూచి కథ కూడా అంతే. షీటు మీద అచ్చయిన కోణం నేను ముందే పెన్నుతో చేతి మీద రాసుకున్నా, తెలివిగా. అది నలభై ఏళ్ల కిందటి కోణం. పెద్ద చెరువు దాటుతూ దాన్ని నమ్మి వేరే చీలికలోకి పోయాం, సగం పూట పోయింది. రాకీ డిఫైల్ అనే ఇరుకు దగ్గర మాత్రం ఒడ్డెక్కి పడవలు మోసుకున్నాం, అక్కడ పటంతో పని లేదు, చప్పుడే చెప్తుంది. ఆ పేరు ఫ్రాంక్లిన్ వాళ్లు పెట్టిందే. నీళ్లు రేగడన్న వాళ్ల తాతలాగే చెప్పాయి, ఏ చెవికి ఎంత వినపడాలో.

నల్లరేగడి
మా తాతకు చెప్తుంటి గని, పోయిండు.

టోపోషీట్56కే
ఉస్మానియాలో జియాలజీ. మాకు ఫీల్డుకి టోపోషీట్ (ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) లేకుండా కదలనివ్వరు, పేరు కూడా మన హైదరాబాద్ షీటు నంబరే పెట్టుకున్నా. నాకొక డౌటుండేది, మనుషుల్లేని అంత నేలకి షీట్లు ఎలా గీశారని. చదివితే తెలిసింది. మొదట కాలినడక: 1913-16 మధ్య కెనడా ఆర్కిటిక్ యాత్రలో దక్షిణ బృందం టోపోగ్రాఫర్లు చిప్‌మన్, కాక్స్ ఆ తీరమంతా కుక్కల బండ్ల మీద, పడవల మీద కొలిచారు. తర్వాత విమానం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మూడు కెమెరాలు ఒకేసారి: ఒకటి నిటారుగా కిందికి, రెండు చెరో పక్కకి వాలుగా. ఒక్క దాటుకి ఈ దిగంతం నుంచి ఆ దిగంతం దాకా బొమ్మ. దాన్ని ట్రైమెట్రోగాన్ అంటారు.

కానీ బొమ్మలున్నంత మాత్రాన చాలదు, వాటిని భూమికి మేకులేసి కొట్టాలిగా. దానికి 1949 నుంచి 57 దాకా షోరాన్ అనే పద్ధతి వాడారు. యుద్ధంలో బాంబులు గురి చూసి వేయడానికి చేసిన రేడియో సాధనం అది. నేల మీద వందల కిలోమీటర్ల ఎడంగా రెండు స్టేషన్లు, మధ్యలో విమానం గీతకి అడ్డంగా దాటుతుంది. రెండు వైపులకీ రేడియో కబురు పోయి తిరిగొచ్చే కాలం కొలుస్తారు. రెండు దూరాల మొత్తం ఎక్కడ అతి తక్కువో అక్కడ విమానం సరిగ్గా గీత మీద ఉన్నట్టు. ఒక కొండ మీంచి ఇంకో కొండ కనపడాల్సిన పని లేదు.

సర్వేబాబాయ్
మేం కనపడాలనే కదా చెట్లు కొట్టించింది, హీలియో (ఎండని దూరానికి మెరిపించే అద్దం) పట్టుకుని ఎండ కోసం కూర్చుంది. ఈ పద్ధతి వచ్చాక మా కొండలెక్కే కథంతా మనవలకి చెప్పుకోడానికే.

టోపోషీట్56కే
బాబాయ్, అయినా త్వరగా ఏం అవలేదు. అక్కడ ఫోటో తీయాలంటే చెరువుల మీద మంచు కరగాలి, మళ్లీ కురవకూడదు, మబ్బుండకూడదు. ఏడాదికి దొరికేది కొద్ది వారాలు. 1:50,000 షీట్లు దేశం మొత్తానికి 13 వేల పైచిలుకు. అవి పూర్తయింది 2012లో. మిగిలిపోయినవి ఉత్తరాన ఉన్నవే, వాటికి ఉపగ్రహ చిత్రాలు వాడారు.

ఉపగ్రహం అంటే గుర్తొచ్చింది, నది కాకపోయినా చెప్పాలి. 1970లలో లాండ్‌శాట్ బొమ్మల్లో లాబ్రడార్ తీరానికి దూరంగా ఒక చుక్క కనపడింది. ఏ పటంలోనూ లేని దీవి. నిజమో కాదో చూడ్డానికి 1976లో ఒక హైడ్రోగ్రాఫర్‌ని హెలికాప్టర్ నుంచి తాడుతో దింపారు. కాళ్లు ఆనించబోతుంటే అక్కడ ఉన్న తెల్ల ఎలుగుబంటి పంజా విసిరింది. పాతిక మీటర్లు వెడల్పు, నలభై ఐదు పొడవు. దాని పేరు ఇప్పుడు లాండ్‌శాట్ దీవి.

గోదారిగట్టు
ఎలుగుబంటి పేరు పెట్టాల్సింది. ముందు కనిపెట్టింది అదేగా.

చలిచీమ
పేరంటే ఇంకోటి. కాపర్‌మైన్ అన్నారు, రాగి దొరికిందా ఇంతకీ?

మంచుపిల్లి
హెర్న్, తోటివాళ్లు నాలుగు గంటలు వెతికితే నాలుగు పౌన్ల ముద్ద ఒక్కటి దొరికింది. అసలు నిధి నది పుట్టే వైపు ఉంది, ఎవరూ చూడలేదు. లాక్ డి గ్రా చెరువు చుట్టుపక్కల నేల కింద వజ్రాలు. ఎకాటి గని 1998లో తెరిచారు. ఆ చెరువు పేరుకి అర్థం కొవ్వు చెరువు. ఎకాటి అన్న డెనె మాటకీ అదే అర్థం. పటంలో ఫ్రెంచి పేరు, గనికి మాత్రం వాళ్ల పేరు.

ఇక నదీముఖం దగ్గర ఊరు. పటాల్లో కాపర్‌మైన్ అనే ఉండేది, 1996 జనవరి 1 నుంచి కుగ్లుక్‌తుక్. నీళ్లు ఉరికే చోటు అని. ఆ హత్యలు జరిగిన జలపాతాన్ని ఇంగ్లీషు పటాలు బ్లడీ ఫాల్స్ అంటాయి, ఊళ్లోవాళ్లు కుగ్లుక్ అంటారు. ఇన్యూట్ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్లు పెద్దవాళ్ల దగ్గర కూర్చుని చెరువు చెరువుకీ, వాగు వాగుకీ పేర్లు అడిగి పటాలకి ఎక్కిస్తున్నారు. ప్రభుత్వ షీటులో ఖాళీగా కనపడే చోట వాళ్ల పటంలో పేర్లు కిక్కిరిసి ఉంటాయి. ఇక్కడ వల వేయాలి, ఇక్కడ కారిబూ దుప్పులు దాటుతాయి, ఇక్కడ మంచు పలచన.

నల్లరేగడి
బాబాయ్, ఇప్పుడు చెప్పు. అది పటమా, దారి చెప్పే కాగితమా?

సర్వేబాబాయ్
ఆ పేర్ల కింద ఉన్న షీటు సర్వేవాళ్లు గీసిందే కదా! ఉత్త కాగితం మీద పేర్లు వేలాడవు. సరే, సగం ఒప్పుకున్నా. మంచు పలచన అని రాసే గుర్తు మా గుర్తుల పట్టికలో లేదు, అది ఉండాల్సింది.

కోరంగికుర్రాడు
ఇంతకీ హెర్న్ పుస్తకం ఎలా బయటపడిందో ఎవరూ చెప్పలేదు. 1782లో ఫ్రెంచి నావికుడు లా పెరూస్ కోట పట్టుకున్నాడు. లొంగిపోయిన అధికారి హెర్నే. హెర్న్ రాతప్రతి లా పెరూస్ చేతికి చిక్కింది. చదివి, దీన్ని అచ్చేయిస్తానని మాటిస్తేనే వెనక్కిస్తానన్నాడట. కోట పడిందని విని మటొనాబి ఉరేసుకున్నాడు. హెర్న్ 1792లో పోయాడు, పుస్తకం 1795లో వచ్చింది. అచ్చులో తన పటం ఆయన చూడనే లేదు.

కెనడాకోడలు
మటొనాబి సంగతి నాకు తెలీదు. పైన వేళ్లు నాక్కోవడం జోకు వేసి ఇప్పుడు ఎలాగో ఉంది.

పటాలపిచ్చి
నిన్న రాత్రి ఇదంతా మావాడికి చదివి వినిపించా. దుకాణంవాడికి ఫిర్యాదు రాయడం మానేశా. పొద్దున లేచి చూస్తే ఫ్రేము అద్దం మీద వైట్‌బోర్డు పెన్నుతో ఎర్ర చుక్క పెట్టి ఉంది, హెర్న్ నదీముఖానికి రెండు వేళ్ల కింద, కాస్త కుడి పక్కకి. పక్కన 67.8 అని రాశాడు. ఇంకొంచెం కింద, మటొనాబి దారి వెళ్లే చోట, గీతల మనిషి బొమ్మ, నెత్తి మీద పెద్ద మూట, జడ. కోడలుగారి మాట వాడికి బాగా ఎక్కినట్టుంది.

మా ఆవిడ తుడిచేయమంటోంది. ఫ్రేము ధర కూడా ఈ పూటే తెలిసిపోయింది.

గోదారిగట్టు
ఎలా తెలిసిందండి?

పటాలపిచ్చి
బిల్లు ఫ్రేము వెనకే టేపేసి అతికించారు. తుడవడానికని కిందికి దింపింది.